‘ఇరవై నాలుగు గంటలు ఆగండి’ అనే ఎస్సై కథల్లో ఇక వద్దు

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో కొంతకాలంగా ప్రేమ, నమ్మకద్రోహం, మాయమైన అమ్మాయి చుట్టూ అల్లిన నేర కథలు వరసగా వస్తున్నాయి. చాలామటుకు బెంగళూరులోనే నడుస్తాయి. మారతహళ్లిలో పీజీ, వైట్‌ఫీల్డ్‌లో ఆఫీసు, నంది కొండ దారిలో కారు, మదనపల్లి నుంచో హిందూపురం నుంచో రాత్రి బస్సెక్కి వచ్చిన తండ్రి. ఈ ఊళ్లో ఇలాంటి కేసుల పనిమీద కోర్టుల చుట్టూ, స్టేషన్ల చుట్టూ తిరిగే తెలుగువాళ్లం మేం. కథలు వదలకుండా చదువుతాం. ప్రేమ సంగతి రచయితలకే వదిలేస్తాం, అందులో వేలు పెట్టం. అమ్మాయి కనిపించకుండా పోయినప్పటి నుంచి మాత్రం కథ మా వీధిలోకి వస్తుంది. అక్కడ దాదాపు ప్రతి కథా ఒకే చోట తడబడుతోంది.

ఆ చోటు పోలీస్ స్టేషన్లో మొదటి సీను. తండ్రి ఏడుస్తూ వస్తాడు. ఎస్సై తల కూడా ఎత్తకుండా, "ఇరవై నాలుగు గంటలు ఆగండి, రూల్ అది" అంటాడు. అలాంటి రూల్ లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో లేదు, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ లేదు. ఎస్సై ఆ మాట అనడని కాదు. అంటాడు, బయటా అంటుంటారు. చిక్కేమిటంటే కథలో ఆ మాటను తండ్రి నమ్ముతాడు, హీరో నమ్ముతాడు, చివరికి రచయిత కూడా చట్టమనే నమ్మి తర్వాతి ప్రకరణానికి వెళ్లిపోతాడు. చదివినవాళ్లూ నమ్ముతారు. రేపు నిజంగా అవసరం పడితే, ఎవరూ ఆపకుండానే ఆ ఇంటివాళ్లు ఒక రోజంతా ఫోన్ చూసుకుంటూ ఇంట్లో కూర్చుంటారు.

ఆ ఒక్క రోజులో ఏం పోతుందో రచయితలకు తెలిస్తే సీను వేరేలా రాస్తారు. పీజీల్లో, చిన్న అపార్ట్‌మెంట్లలో కెమెరాల దృశ్యాలు దాచే పెట్టె, అంటే డీవీఆర్‌కి సాధారణంగా ఉండేది 1 టీబీ డిస్కు. ఎనిమిది కెమెరాలు, ఒక్కోటి సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున ఆగకుండా రాస్తున్నాయనుకుందాం. కెమెరాకు రోజుకు దాదాపు 21.6 జీబీ, ఎనిమిదింటికీ కలిపి 173 జీబీ. ఆరో రోజు పూర్తికాకుండానే డిస్కు నిండి, పాత దృశ్యాల మీదే కొత్తవి రాసుకుంటూ పోతుంది. డిస్కు 500 జీబీదైతే మూడు రోజులు కూడా రాదు. అమ్మాయి ఏ గేటులోంచి, ఏ వైపు, ఎవరితో నడిచి వెళ్లిందో చెప్పేది ఆ డిస్కు ఒక్కటే. వీధి చివరి మందుల షాపు, ఎదురింటి కెమెరా, ఏటీఎం, ఇలా ఒక్కో కెమెరాదీ ఒక్కో గడువు.

ఫోన్ సంగతి దీనికి రివర్సు. కాల్ వివరాలను, ఇంటర్నెట్ వాడకం వివరాలను కంపెనీలు కనీసం రెండేళ్లు దాచాలని 2021 డిసెంబరులో టెలికాం శాఖ లైసెన్సు షరతుల్ని మార్చింది. ఫోన్ ఇప్పుడు ఎక్కడుందో తెలుసుకోవడానికి తొందర ఉంటుంది. నిన్న ఎవరితో మాట్లాడిందో పది రోజులు ఆగినా దొరుకుతుంది. మన కథల్లో మాత్రం మొదటి వారమంతా కాల్ లిస్టు చుట్టూ తిరిగి, కెమెరా సంగతి పన్నెండో భాగంలో గుర్తొస్తుంది. అప్పటికీ డీవీఆర్‌లో దృశ్యం భద్రంగా ఉంటుంది! తెలివైన హంతకుడు ఏమీ చెరపనక్కర్లేదు, ఆరు రోజులు మంచి భర్తలా ఏడిస్తే చాలు. ఈ గడువును కథలో గడియారంలా వాడుకున్న రచయిత మాకింతవరకూ తగల్లేదు.

ఫుటేజీ దొరికాక పని అయిపోయినట్టు కాదు. డీవీఆర్ గడియారం తప్పు చూపడం మామూలే. పావుగంట, అరగంట తేడాలు, కరెంటు పోయి వచ్చాక ఏకంగా వేరే తేదీ కూడా ఉంటాయి. స్వాధీనం చేసుకునేటప్పుడు డీవీఆర్ తెరమీది టైము, సరైన టైము పక్కపక్కన రాసుకోకపోతే, అమ్మాయి 9:40కి బయటికొచ్చిందన్న సాక్ష్యం, 9:35కి ఆమె ఫోన్ మరో చోట ఉందన్న రికార్డుతో పోట్లాడుతుంది. డిఫెన్స్ లాయరుకి అదే పండగ. కాపీ కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. ఒక భాగం ఆ పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి, అందులో హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే సంఖ్య, ఉండాలి. హీరో స్నేహితుడు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకొచ్చి జడ్జి బల్లమీద పెట్టే సీను రాయాలనిపిస్తే, తర్వాతి పేజీలోనే ఆ పెన్‌డ్రైవ్‌ని కోర్టు పక్కన పెట్టే సీను కూడా రాయండి. నాటకీయత దానిలోనే ఎక్కువ.

ఇక స్టేషన్లో నిజంగా ఏం జరగాలి? నేరం జరిగిందని చెప్పే సమాచారం ఇస్తే ఎఫ్ఐఆర్ కట్టడం పోలీసుల విధి అని 2013 నవంబరు 12న లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ కేసు పుట్టిందే కనిపించకుండా పోయిన బాలిక గురించి తండ్రి మొర పోలీసులు వినకపోవడం వల్ల. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు కనిపించకపోతే కిడ్నాప్ లేదా అక్రమ రవాణాగానే భావించి కేసు కట్టాలని అదే ఏడాది మే నెలలో మరో తీర్పు ఉంది. పెద్దవాళ్ల విషయంలో చిన్న మెలిక. ఇరవై ఆరేళ్ల మనిషి ఇంటికి రాకపోవడం దానంతటదే నేరం కాదు. అందుకని ‘మహిళ మిస్సింగ్’ అని నమోదు చేసి వెతుకుతారు, నేరం జాడ దొరికాక సెక్షన్లు ఆల్టర్ చేస్తారు. ఫిర్యాదులో తండ్రి ఏం రాశాడన్నది ఇక్కడే కీలకం. "మా అమ్మాయి కనిపించడం లేదు" అని ఒక్క వాక్యం రాస్తే అది వెతుకులాట. ఫలానా అతను బెదిరించాడు, రెండు లక్షలు తీసుకుని ఇవ్వలేదు, గత నెల ఈ మెసేజ్ పెట్టాడు అని రాస్తే అది దర్యాప్తు. అపహరణకు సంబంధించిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 140 మొదటి పేజీలోనే వచ్చి కూర్చుంటుంది.

ఫిర్యాదులో ఉండాల్సినవి మరికొన్ని, రచయితలకూ పనికొస్తాయి, తల్లిదండ్రులకూ పనికొస్తాయి. ఆఖరిసారి చూసినవాళ్లెవరు, ఎన్ని గంటలకు, వేసుకున్న బట్టలేమిటి. రెండు సిమ్ములుంటే రెండు నంబర్లూ. ఫోన్ డబ్బా మీద ఆ ఫోన్‌ని గుర్తించే పదిహేనంకెల ఐఎంఈఐ ఉంటుంది, రెండు సిమ్ముల ఫోనుకి రెండుంటాయి, రెండూ రాయాలి. ఏ బ్యాంకు, ఏ యూపీఐ యాప్, బండి నంబరు, ఫాస్టాగ్, మెయిల్ ఐడీ, రోజూ వేసుకునే మాత్రలు. ఫొటో ఫిల్టర్ లేనిది, మొహం నేరుగా కనిపించేది, ఈ ఆర్నెల్లలో తీసింది. పెళ్లి సంబంధాలకు తీయించిన స్టూడియో ఫొటోతో ఎవరూ ఎవరినీ గుర్తుపట్టలేరు.

చేయకూడనివీ ఉన్నాయి, కథల్లో హీరోయిన్ అన్న ఇవన్నీ వరసబెట్టి చేస్తాడు. గది సర్దేస్తాడు. ఆ దువ్వెనలో కుదుళ్లతో ఉన్న వెంట్రుకలు, ఆ టూత్ బ్రష్, తర్వాత డీఎన్ఏ పోల్చడానికి కావాల్సినవి. లాప్‌టాప్ పాస్‌వర్డ్ ఊహించి ఊహించి లాక్ చేస్తాడు. మెయిల్ పాస్‌వర్డ్ మారుస్తాడు, దాంతో వేరేచోట తెరిచి ఉన్న ఖాతాలన్నీ మూసుకుపోయి, అవతల ఎవరు వాడుతున్నారో పట్టుకునే అవకాశం చేజారుతుంది. ఆమె ఫోన్‌కి బంధువులంతా కలిసి వందసార్లు చేస్తే మిగిలిన కాస్త బ్యాటరీ అయిపోతుంది. అన్నిటికంటే ప్రమాదం, ఇంటి నంబరుతో సోషల్ మీడియాలో పోస్టు పెట్టడం. గంటలో "అమ్మాయి మా దగ్గరుంది, యాభై వేలు పంపండి" అని ఊరూ పేరూ లేని కాల్ వస్తుంది, కుటుంబం పంపిస్తుంది. ఇదొక ఉపకథగా ఎంత బాగా పనికొస్తుందో రచయితలు ఆలోచించాలి. సంప్రదించే నంబరు స్టేషన్‌దే ఇవ్వాలి.

జీరో ఎఫ్ఐఆర్ గురించి ఒక మాట. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా సమాచారం ఇవ్వొచ్చని నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173 చెబుతోంది. ఫోన్, మెయిల్ ద్వారా కూడా ఇవ్వొచ్చు, మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. కాబట్టి హిందూపురం తండ్రి అక్కడే ఇచ్చి రావచ్చు. అయితే ఆ కాగితం బెంగళూరు స్టేషన్‌కి చేరి, ఒక అధికారి చేతికొచ్చేసరికి ఈలోపు కెమెరా డిస్కులు తిరిగిపోతుంటాయి. అందుకే అక్కడ ఇచ్చి, 112కి చెప్పి, తెల్లారేసరికి పీజీ ఉన్న స్టేషన్ ముందు ఉండటమే పద్ధతి. ఇక్కడ కాగితాలు కన్నడంలో రాస్తారు. చదివి వినిపించమని అడిగే హక్కు ఉంది, కన్నడం చదవగలిగే మనిషిని వెంట తీసుకెళ్లడం ఇంకా మేలు. ఫిర్యాదు అందినట్టు ఇచ్చే రసీదు ఎఫ్ఐఆర్ కాదు, క్రైమ్ నంబరు ఉందో లేదో చూసుకోవాలి. తీసుకోకపోతే డీసీపీకి రాతపూర్వకంగా పంపాలి, అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గర సెక్షన్ 175(3) కింద దరఖాస్తు. ఎవరో నిర్బంధించారన్న అనుమానానికి ఆధారం ఉంటే, ఆ మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరుతూ హైకోర్టులో హెబియస్ కార్పస్. కథానాయకుడి మేనమామకి మంత్రిగారు తెలిసి ఉండనక్కర్లేదు.

టవర్ లొకేషన్ విషయానికి వద్దాం. "సార్, ఆమె ఫోన్ ఆ తోటలోని బంగళాలో ఉంది" అని కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు అరుస్తాడు. కాల్ రికార్డులో బంగళాలుండవు. ఎవరు ఎవరికి చేశారు, తేదీ, సమయం, ఎన్ని సెకన్లు, కాల్ మొదలైనప్పటి సెల్, ముగిసినప్పటి సెల్, ఐఎంఈఐ, సిమ్‌ని గుర్తించే ఐఎంఎస్ఐ, అంతే. ఒక టవర్‌కి మామూలుగా మూడు సెక్టార్లు, ఒక్కోటి 120 డిగ్రీల మేర చూస్తుంది. బెల్లందూరు లాంటి చోట ఒక సెక్టారంటే కొన్ని వీధులు, కొన్ని వందల ఇళ్లు. బాగేపల్లి దాటాక అదే సెక్టార్ కిలోమీటర్లు. కాల్‌లో ఏం మాట్లాడుకున్నారన్నది కంపెనీ దగ్గర ఉండదు. వినాలంటే ముందుగా హోం కార్యదర్శి స్థాయి ఉత్తర్వుతో ఆ నంబరు మీద నిఘా పెట్టి ఉండాలి. గడిచిన నెల సంభాషణను ఇన్‌స్పెక్టర్ స్పీకర్లో వినిపించే సీను ఇక రాయకండి. దాని బదులు ఐఎంఈఐని వాడుకోండి. ఆమె సిమ్ తీసేసి, ఆమె ఫోన్‌లోనే తన కొత్త సిమ్ వేసినవాడు ఆ పదిహేనంకెల దగ్గరే దొరికిపోతాడు. ఎన్నో నిజమైన కేసులు ముడి విడేది అక్కడే.

వాట్సాప్‌తో ఇంకా మంచి మెలిక ఉంది. కంప్యూటర్‌కి లింకు చేసిన వాట్సాప్, అసలు ఫోన్ ఆఫ్‌లో ఉన్నా పధ్నాలుగు రోజుల దాకా పనిచేస్తుంది. అంటే ఫోన్ చెరువులో ఉండగా "నేను బాగానే ఉన్నాను, కొన్నాళ్లు నన్ను వెతకొద్దు" అన్న మెసేజ్ అమ్మకి రావచ్చు. పంపిన ఇంటర్నెట్ కనెక్షన్ ఎవరిదో రికార్డుల్లో తేలుతుంది. తేలేలోపు పట్టుకోగలిగేది తల్లో, గదిలో కలిసి ఉన్న స్నేహితురాలో. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టేటప్పుడు ఒక్కొక్కరిదీ ఒక్కో అలవాటు, ‘త’ రాయడానికి ఒకరు ‘టీ’ తర్వాత ‘హెచ్’ చేరుస్తారు, మరొకరు ఎప్పుడూ చేర్చరు. అమ్మని ‘అమ్మా’ అనే పిల్ల ఒక్కసారిగా ‘మమ్మీ’ అని మెసేజ్ పెట్టదు. అలాగే ఖాతాలోంచి డబ్బు కట్ అవుతోంది కాబట్టి బతికే ఉందని సంబరపడే సీను. ఓటీటీ చందా, పోస్ట్‌పెయిడ్ బిల్లు, ఫాస్టాగ్ ఆటో రీచార్జి మనిషి ఉన్నా లేకపోయినా కట్ అవుతూనే ఉంటాయి. పిన్ కొట్టి చేసిన చెల్లింపు ఒక్కటైనా ఉందా అన్నదే ప్రశ్న.

ఇంతకంటే పెద్ద లోపం విలన్‌ది. ప్రేమించి ఆస్తికోసం మోసం చేసిన భర్త కథల్లో అతనికి ఆమె కాగితం మీద బతికుండాలా, చనిపోవాలా అన్నది రచయితే తేల్చుకోరు. రెండూ పూర్తిగా వేరే నేరాలు. ఆమె రాసిచ్చిన జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతో స్థలాలు అమ్మాలంటే ఆమె బతికి ఉండాలి. ఇచ్చిన మనిషి చనిపోయిన క్షణంలో ఆ అధికారం చెల్లదు, కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 201. అప్పుడు అతను చెప్పేది ఎప్పుడూ ఒకటే, "ఊళ్లో లేదు, వస్తుంది." ఇన్సూరెన్స్ కావాలంటే దానికి రివర్సు. శవం లేకపోతే ఏడేళ్లపాటు ఆమె గురించి విని ఉండాల్సినవాళ్లెవరూ వినలేదని చూపించి, చనిపోయినట్టు సివిల్ కోర్టు డిక్రీ తేవాలి. సాక్ష్య అధినియమం సెక్షన్ 111 ఇచ్చే ఊహ చనిపోయిందన్నంత వరకే, ఎప్పుడు చనిపోయిందో చెప్పదు. ఈ ఏడేళ్లూ ప్రీమియం కట్టకపోతే పాలసీ లాప్సే, 2004లో ఎల్ఐసీ వర్సెస్ అనురాధ కేసులో సుప్రీంకోర్టు తేల్చిందదే. మన కథల్లో భర్త మూడో నెలకే కోటి రూపాయల చెక్కు అందుకుని గోవా వెళ్లిపోతాడు.

మొదటి రకానికి బెంగళూరులోనే నిజమైన కేసుంది, కల్పన అవసరం లేనంత. స్వామి శ్రద్ధానంద కేసు. ఒకప్పటి మైసూరు దివాను మనవరాలు, దౌత్యవేత్త అయిన భర్త నుంచి విడిపోయి, 1986లో ఇతన్ని పెళ్లి చేసుకుంది. అతని పేరిట పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చింది, వీలునామా రాసింది. 1991 మే చివర్లో ఆమె మాట వినిపించడం ఆగిపోయింది. కూతురు ఫోన్ చేసి అడిగితే హైదరాబాద్‌లో పెళ్లికి వెళ్లిందన్నాడు, తర్వాత విదేశాల్లో ఆస్పత్రిలో ఉందన్నాడు. కూతురు ఆ ఆస్పత్రిలో వాకబు చేస్తే అలాంటి రోగి ఎవరూ లేరు. 1992 జూన్‌లో అశోక్‌నగర్ స్టేషన్లో ఫిర్యాదు చేసింది. మత్తుమందిచ్చి, చెక్కపెట్టెలో పెట్టి, రిచ్‌మండ్ రోడ్డులోని ఆమె ఇంటి ఆవరణలోనే పాతిపెట్టిన సంగతి 1994 మార్చి ఆఖరుకి గాని బయటపడలేదు. ఆ మధ్యకాలంలో అతను అదే ఇంట్లో ఉన్నాడు. కింది కోర్టు 2005లో ఉరిశిక్ష వేసింది, 2008 జులైలో సుప్రీంకోర్టు దాన్ని తగ్గింపులేని యావజ్జీవంగా మార్చింది. గమనించండి, దాదాపు మూడేళ్లూ ఆమె ‘ఊళ్లో లేదు’. చనిపోయిందని అతను ఒక్కసారీ చెప్పలేదు, చెబితే అతని చేతిలోని కాగితం చిత్తు కాగితం అవుతుంది. ప్రేమ ఎప్పుడు ద్రోహంగా మారిందో ఆ కేసులో చూపించింది అలాంటి కాగితాలే.

ఇప్పటి కథకైతే దీనిలో మరో తలుపుంది. ఆమె పేరుమీది ఆస్తి సర్వే నంబరు తెలిస్తే చాలు, అన్నో చెల్లెలో రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్‌లో ఈసీకి, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రానికి, దరఖాస్తు పెట్టొచ్చు. లావాదేవీలుంటే ఫారం 15 వస్తుంది, ఏమీ లేకపోతే ఫారం 16. పదిహేను వచ్చిందనుకోండి, ఆ దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తీసి, సంతకం ఎవరిదో, తేదీ ఏమిటో చూడాలి. ఆమె ఆఖరి కాల్ తేదీ పక్కన ఈ తేదీలు వరసగా పేర్చితే, తుపాకీ లేకుండా, ఛేజింగ్ లేకుండా చదివేవాడి ఒళ్లు జలదరిస్తుంది.

నేరం ఒప్పుకునే క్లైమాక్స్ గురించి ఎక్కువ చెప్పం. పోలీసుల ముందు ఒప్పుకోలు కోర్టులో పనికిరాదు. దాని ఆధారంగా ఏదైనా వస్తువో, శవమో దొరికితే ఆ దొరకడానికి సంబంధించినంత మేరకే పనికొస్తుంది. శవాన్ని వెలికితీసేది ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ సమక్షంలో, డాక్టరుతో, పంచుల ముందు. అర్ధరాత్రి ఎస్సై ఒక్కడే గునపం పట్టుకుని తవ్వితే ఆ కేసు అతనే పూడ్చేసినట్టు. నార్కో పరీక్ష నిందితుడు ఒప్పుకోకుండా చేయకూడదని 2010 మే 5న సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో తీర్పు వచ్చింది, అంటే మన కథలు జరిగే ఊరి పేరుతోనే దాదాపు. క్లోరోఫాం చేతిరుమాలు ముక్కుకి తగలగానే అమ్మాయి ఒరిగిపోదు, స్పృహ తప్పడానికి నిమిషాలు పడుతుంది, ఆలోగా పెనుగులాడుతుంది, అరుస్తుంది. శవం దొరక్కపోతే హత్య కేసు నిలవదన్న మాట కూడా తప్పు. సందర్భ సాక్ష్యం గొలుసుకట్టుగా ఉంటే నిలుస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, తిరిగి దొరికిన అమ్మాయిని మన కథలు చూసే తీరు ఒక ఎత్తు. మాయమైన ప్రతి స్త్రీనీ ఎవరో ఎత్తుకెళ్లి ఉండరు. ఇష్టంలేని పెళ్లి తప్పించుకుని ప్రేమించినవాడితో వెళ్లినామె ఉంటుంది, ఆ ప్రేమించినవాడి నుంచే పారిపోయినామె ఉంటుంది. పద్దెనిమిది నిండిన స్త్రీని పోలీసులు కనిపెడితే వాంగ్మూలం తీసుకుంటారు, అవసరమైతే మేజిస్ట్రేట్ ముందు నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 183 కింద. నేను క్షేమంగా ఉన్నాను, ఇంటికి వెళ్లను అని ఆమె చెబితే కేసు అక్కడితో మూసేస్తారు. వద్దంటే ఆమె అడ్రసు తండ్రికైనా, భర్తకైనా చెప్పకూడదు. మెజారిటీ వచ్చిన మనిషి ఇష్టం మీద ఇంటివాళ్లకు పెత్తనం లేదని 2018లో షఫీన్ జహాన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మైనారిటీ తీరడానికి దగ్గర్లో ఉన్న కాలేజీ అమ్మాయి తనంతట తాను వెళ్తే, వెంట ఉన్నవాడు ‘తీసుకెళ్లినట్టు’ కాదని 1964లోనే మద్రాసు నుంచి వెళ్లిన వరదరాజన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఇప్పుడు పద్దెనిమిదిలోపైతే పోక్సో ఉంది, ఇష్టం అన్న మాట చెల్లదు.

దీన్ని వాడుకుని ఎంత కథ రాయొచ్చు! వెతుకుతున్నవాడే వేటగాడైతే? మిస్సింగ్ ఫిర్యాదు పెట్టిన భర్త చేతిలో, ఆమె ఎక్కడుందో కనిపెట్టి పెట్టే ఒక స్టేషన్ మొత్తం ఉంటుంది. హైకోర్టులో హెబియస్ కార్పస్ వేసినవాడే ఆమెను కొట్టినవాడైతే, ఆమె కోర్టు హాల్లోకి రాగానే జడ్జి ముందుగా చేసేది ఆమెతో విడిగా మాట్లాడటం. ఆ నాలుగు గోడల మధ్య సంభాషణ మీ అనుబంధంలో ఏ కథలోనూ రాలేదు. అన్ని కథల్లోనూ దొరికిన అమ్మాయి తండ్రి భుజం మీద తలవాల్చి కారెక్కడమే. ఎక్కనంటే ఏమవుతుందో రాయడానికి రచయితలు ఎందుకు జంకుతారో మాకు అంతుపట్టదు.

మీకు మా మనవి ఒకటే. ఇలాంటి సీరియల్ వేసే ముందు స్టేషన్, కోర్టు సీన్లు ఆ పని తెలిసిన ఒక్కరి చేత చదివించండి. మరీ కుదరకపోతే ఇరవై నాలుగు గంటల డైలాగ్ వచ్చినప్పుడైనా, పక్కనున్న హెడ్ కానిస్టేబుల్ చేతో, తండ్రి వెంట వచ్చిన లాయరు చేతో "అలాంటి రూల్ లేదు సార్" అనిపించండి.

చిల్లర విషయాలు కొన్ని మిగిలాయి. బెంగళూరు నగరంలో సీఐ, డీఎస్పీ, ఎస్పీ ఉండరు, ఇది కమిషనరేట్. స్టేషన్‌కి పెద్ద ఇన్‌స్పెక్టర్, ఆ పైన ఏసీపీ, డీసీపీ. రాత్రి గస్తీ బండి పేరు హొయ్సళ. పంచనామాని ఇక్కడ మహజర్ అంటారు. నిందితుడు విదేశాలకు పారిపోకుండా విమానాశ్రయాలకు పంపేది లుకవుట్ సర్క్యులర్, మాయమైన మనిషి ఫొటోతో గోడలకంటించేది లుకవుట్ నోటీసు, రెండూ ఒకటి కాదు. ఫోరెన్సిక్ ల్యాబ్ కోసం మీ హీరో హైదరాబాద్ పరుగెత్తక్కర్లేదు, అది మడివాళలో ఉంది, అతను దిగే ప్రైవేటు బస్సుల స్టాపుకి దగ్గర్లోనే.

ఇట్లు,
ఇద్దరు న్యాయవాదులు, ఒక విశ్రాంత పోలీసు ఉద్యోగి
బెంగళూరు